రోంత అడ్జస్ట్

వదులు చెయ్యమని నాగలక్ష్మి ఇచ్చిన పట్టు జాకెట్టు తిరగేసి, లోపలి మడతలో ఎర్ర దారం చూసి, నేను కుట్టుమిషను ముందే చతికిలబడిపోయిన దగ్గర మిమ్మల్ని వదిలేశాను. కిందటి వారం చదవనివాళ్లకు ఆ ఎర్ర దారం సంగతి చెప్పాలి. చదివినవాళ్లు ఈలోపు పొయ్యి మీది పాలు చూసుకుని రావచ్చు.

మా అమ్మ ఆదెమ్మ హిందూపురంలో సగం ఊరికి జాకెట్లు కుట్టేది. పక్కల్లో రెండు వేళ్ల మడత వదిలి, వరసగా మూడు కుట్లు వేసేది. మనిషి ఒళ్లు చేసినప్పుడల్లా ఒక్కో కుట్టు విప్పుకుంటే చాలు. మొదట విప్పాల్సిన కుట్టు మాత్రం, గుడ్డ ఏ రంగుదైనా, ఎర్ర దారంతోనే వేసేది, తొందరలో పక్క కుట్టు తెగకుండా. ఈ పద్ధతి ఇద్దరికే నేర్పింది. ఒకరు వరూధిని అనే నేను, రెండోది నా చెల్లెలు గీతాంజలి. ఈ కొత్త జాకెట్టు నేను కుట్టలేదు. అమ్మ మిషను తొక్కడం మానేసి చాలా కాలమైంది. మిగిలింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. హొసకోటెలో మొగుడి దగ్గరికి పొమ్మని అమ్మ బస్సెక్కిస్తే, బెంగళూరు బస్టాండు మెజెస్టిక్‌లో దిగి రెండో బస్సు ఎక్కకుండా జనంలో కలిసిపోయిన నా చెల్లెలు.

మర్నాడు పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తుకు వెళ్లి నాగలక్ష్మిని అడిగాను, ఈ జాకెట్టు ఎవరు కుట్టారని.

"నగర్తపేటలో ఒకావిడండీ, వరూధిని గారూ. జరీ కొట్టు పక్క సందు, మేడ మీద. పేరు నేనెప్పుడూ అడగలేదండీ, అందరూ అక్కా అంటారు. నెక్ డిజైన్లు మాత్రం సూపర్! ఫిట్టింగ్ ఒక్కటే టైట్ వస్తుంది. తప్పు ఆవిడది కాదులెండి, వెయిట్ పెరుగుతున్నది నేనే" అంది, తేనె కలిపిన గోరువెచ్చటి నీళ్లు మందులా మింగుతూ.

అప్పటికి చాలా రోజులుగా ఆవిడ ఆ నీళ్లే తాగుతోంది. రాత్రిపూట అన్నం మానెయ్యమని సలహా ఇచ్చింది కూడా నేనే. సలహాలు ఇవ్వడానికి మనకేం కావాలి, నోరుంటే చాలు.

ఇంటికొచ్చి, చిక్కపేటలో లైనింగు గుడ్డ తెస్తానని అమ్మతో చెప్పాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, "లైనింగా" అంది. ఇంకో కాయ ఒలిచి, "ఒక్కదానివే వస్తావా?" అంది.

ఒక్కదానివే పోతావా అనబోయి అలా అందేమో అనుకున్నాను. ఆ వయసులో పోవడం రావడం ఒకటే.

బనశంకరిలో మార్కెట్ బస్సెక్కాను. నిలబడ్డానికే చోటు లేదు. ఇద్దరు కూర్చునే సీటులో ఉన్న ఒక పెద్దావిడ నా మొహం చూసి, పక్కనున్న అమ్మాయిని మోచేత్తో పొడిచి, "స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్ళమ్మా" అంది, కొంచెం సర్దుకోమని. ఆ అమ్మాయి కిటికీకి అతుక్కుంది. పెద్దావిడ జరిగింది. బెత్తెడు జాగా పుట్టింది. అందులో సగం నేను కూర్చున్నాను, మిగతా సగం గాల్లో.

బెంగళూరుకు వచ్చిన కొత్తలో నాకు ఈ ఒక్క మాటతో బతికెయ్యొచ్చు అనిపించింది. ఆటోవాడి దగ్గర చిల్లర లేకపోతే అడ్జస్ట్. ట్యాంకరు రాని రోజు బక్కెట్టుతో స్నానం, అడ్జస్ట్. ఇల్లు చూపించిన బ్రోకరు, మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోదని తేలాక, అదే మాట అని చిరునవ్వు నవ్వాడు. మా ఆయన మల్లికార్జున్ ఆఫీసులో మీటింగులన్నీ సాయంత్రానికి అడ్జస్ట్ అవుతాయి, ఇంట్లో మా భోజనాలన్నీ ఆ మీటింగులకు అడ్జస్ట్ అవుతాయి. నిలబడి తినే దర్శిని హోటల్లో మన ఇడ్లీ పక్కన ముక్కూ మొహం తెలియనివాడు కాఫీ కప్పు పెట్టినా ఆ మాటే. నా దగ్గరికి జాకెట్లు తెచ్చే ఆడవాళ్లయితే సరేసరి. "కొంచెం అడ్జస్ట్ చేసి ఇవ్వండి" అని, మూడేళ్ల కిందటి నడుము మళ్లీ తెప్పించమన్నట్టు చూస్తారు.

ఎంత వాడుకున్నా నాకు అర్థమైంది ఒకటే. ఈ మాట అన్నవాళ్లు సాధారణంగా కదలరు, విన్నవాళ్లే జరగాలి. ఈ బస్సులో పెద్దావిడ తానూ జరిగింది కాబట్టి ఆవిడకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

మా అమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు. ఈ ఒక్క మాటా వచ్చు, అది ఇంగ్లీషని తెలియకుండా. గీత పెళ్లయిన ఏడాదికి పెట్టె పట్టుకుని హిందూపురం వచ్చింది. మొగుడు ఫ్యాక్టరీ డ్యూటీకి పోతూ ఇంటికి బయటినుంచి తాళం వేసుకుపోతున్నాడని చెప్పింది. అమ్మ అంతా విని, తల నిమిరి, అన్నం పెట్టి, "రోంత అడ్జస్ట్ చేసుకోవే తల్లీ" అంది. నాన్న అదే అన్నాడు. పక్కింటి మల్లమ్మ అదే అంది. తెల్లవారి బస్సెక్కించారు. నేనప్పుడు పూణేలో ఉన్నాను. నాకు సంగతి తెలిసేసరికి గీత ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బెంగళూరుకు బదిలీ అయి వచ్చిన దగ్గరనుంచి మెజెస్టిక్ మీదుగా పోయినప్పుడల్లా, బస్సు దిగేవాళ్ల మొహాల్లో వెతకడం నాకు అలవాటైపోయింది. కూరగాయల సంచీ పట్టుకుని ఆడవాళ్ల మొహాలు తేరిపార చూసే నన్ను జనం ఏమనుకున్నారో దేవుడికెరుక.

మార్కెట్ దగ్గర దిగి నగర్తపేట సందుల్లోకి నడిచాను. జరీ కొట్టు దొరికింది. పక్క సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సిందే. ఇరుకు మెట్లెక్కుతుంటే పైనుంచి మిషను చప్పుడు వినిపిస్తోంది. ఎవరో తొక్కి, ఆపి, మళ్లీ గబగబా తొక్కుతున్నారు. మా ఇంట్లో విన్న ఆ లయ నాకు నిద్రలో కూడా తెలుసు. గోడ పట్టుకుని నిలబడ్డాను. పైదాకా వచ్చినదాన్ని, లైనింగు గుడ్డ కొనుక్కుని వెళ్లిపోదామా అనిపించింది.

గది నిండా గుడ్డముక్కలు. కిటికీ దగ్గర మిషను. దాని ముందు గీత. కొంచెం చిక్కింది. కళ్లద్దాలొచ్చాయి.

"ఆది జాకెట్టు తెచ్చినారా మేడమ్?" అంది తలెత్తకుండా, కొలత జాకెట్టు కోసం చెయ్యి చాపి.

సంచీలోంచి నాగలక్ష్మి పట్టు జాకెట్టు తీసి ఆ చేతిలో పెట్టాను. అలవాటు కొద్దీ తిరగేసింది. ఎర్ర కుట్టు కుట్టినట్టే ఉంది.

"విప్పలేదే" అంది.

"విప్పితే నువ్వు తెగిపోతావేమోనని."

అప్పుడు తలెత్తింది. ఏడుస్తుందనుకున్నాను, వచ్చి వాటేసుకుంటుందనుకున్నాను. అది ముందు మిషను మీదినుంచి గుడ్డ తీసి మడిచింది, తర్వాత స్టూలు మీది ముక్కలన్నీ కిందకి తోసింది.

"కూర్చో అక్కా. ఇరుగ్గా ఉండాది, రోంత..." అని ఆగి, "రోంత చూసుకుని కూర్చో" అంది.

ఆ చోట బెంగళూరులో ఎవరైనా అనే మాట ఒకటుంది. మా చెల్లి దాన్ని వానాకాలం రోడ్డు మీద గుంత దాటినట్టు దాటింది.

"నేనీ ఊళ్లోనే ఉండానని ఎట్ల తెలిసిందే నీకు?" అన్నాను.

"మీ నాగలక్ష్మి ఫోన్లో వరలక్ష్మీ వ్రతం ఫోటో చూపించింది. ఎవరిదో మెడ డిజైను, ఇట్లాంటిది కావల్ల అని. వెనకాల నువ్వు శనగల గిన్నె పట్టుకుని నిలబడుండావు. ఎవరు ఈయమ్మ అంటే, మా గ్రౌండ్ ఫ్లోర్ వరూధిని, జాకెట్లు సరిచేసి ఇస్తాది అనె." కళ్లద్దాలు తీసి పైటతో తుడుచుకుంది. "లావైనావు."

"ఇన్నేళ్లకు కనబడి అనే మాట అదేనా?"

"మొదట అదే చూసినా. ఏడుపు తర్వాతొచ్చె."

"అయితే ఆ జాకెట్లు..."

"అన్నీ కావాలనే బిగువు కుట్టినా. ఒక అరంగుళం. బిగువైతే నీ దగ్గరికొస్తాది గదా. నువ్వు సరిచేసింది మళ్లా నాకు ఆదిగా తెస్తాది."

నేను నోరు తెరిచాను. మూయడానికి కొంచెం సేపు పట్టింది.

"పాపిష్టిదానా! ఆయమ్మ రాత్రిపూట అన్నం మానేసింది. పొద్దున్నే మేడ మీద రౌండ్లు కొడుతుంది. మొన్న కళ్లు తిరిగి లిఫ్టులో కూలబడితే వాచ్‌మన్ మజ్జిగ తాగించినాడు!"

గీత నవ్వింది. చిన్నప్పుడు నాన్న గురకకు నవ్వినట్టే, ముక్కుతో, పైట నోట్లో కుక్కుకుని. నేనూ నవ్వాను. నవ్వీ నవ్వీ ఇద్దరం ఎప్పుడు ఏడవడం మొదలుపెట్టామో తెలియదు. పాపం నాగలక్ష్మి, మా ఇద్దరి కన్నీళ్లకూ ఆవిడ నడుమే కాలువైంది.

"ఫోన్ చెయ్యొచ్చు గదే" అన్నాను కాసేపటికి. "ఇంటికి రావొచ్చు గదే. నేను నిన్ను ఎంత..."

గీత కత్తెర తీసి, మూసి, మళ్లీ తీసింది.

"అందరూ ఆ మాట అన్నారక్కా. అమ్మ అనె, నాయన అనె, మల్లమ్మత్త అనె. బస్సులో టికెట్టు కొట్టేవాడు కూడా అనె, ముగ్గురు కూర్చోవల్ల జరగమని. నువ్వొక్కదానివే అనలేదు. ఎందుకంటే నేను నిన్ను అడగలేదు. అడిగితే నువ్వూ అదే అంటావేమోనని భయం. ఆ మాట అననోళ్లు ఒకరైనా మిగలనీ అని నిన్ను అట్లే దాచి పెట్టుకుంటి."

కింద సందులో ఎవరో హారన్ కొడుతున్నారు. ఎవరూ జరగడం లేదు.

"అమ్మ నా దగ్గరే ఉండాది" అన్నాను.

కత్తెర ఆగింది. ఎట్లుందని అడగలేదు. గోడమీది దారపు ఉండల వైపు చూస్తూ అంది: "నేను వస్తానక్కా. నీ ఇంటికొస్తా, నువ్వు బొరుగుల ఉగ్గాని చేస్తే తింటా, నీ కూతురు అక్షరను చూస్తా. ఎంత ఎత్తు పెరిగిందో బిడ్డ. ఆయమ్మ లేనప్పుడు పిలువు."

"ఆయమ్మ యాడికి పోతాదే?"

"అది నాకు తెలీదు. ఆ చేత్తో తల నిమిరి ఆ మాట అనె. ఇంగ ఆ చెయ్యి నాకొద్దు." గొంతు గట్టిగానే ఉంది. "ఈ నెలాఖరుకు ఇది ఖాళీ చేస్తా ఉండా. అత్తిబెలె కాడ గార్మెంట్స్‌లో సూపర్‌వైజరు పని. రూమిస్తారు. మీ నాగలక్ష్మి జాకెట్టు కోసం అంత దూరం రాదు. అందుకే ఎర్ర దారం వేసినా. నువ్వు ముందే జవాబిచ్చినావు గదా, ఇంగ వస్తావులే అనుకుంటి."

"జవాబా? నేనేం జవాబిచ్చినా?"

గీత లేచి, అరలోంచి నాగలక్ష్మి చిలకపచ్చ జాకెట్టు తీసింది. ఆదికోసం ఇక్కడే వదిలి వెళ్లినట్టుంది. నా ఒళ్లో పరిచి, కింది అంచు తిప్పి చూపించింది. పక్కలు వదిలినప్పుడు కింది అంచు విప్పి మళ్లీ చేత్తో హెమ్మింగ్ చెయ్యాలి కదా, ఆ కుట్టు. గీత దానిమీద వేలు పెట్టి, గుడ్డిదానిలా మెల్లగా తడుముకుంటూ పోయింది.

"మిషను కుట్టు ఎవరిదైనా ఒకటే. చేతికుట్టులోనే మనిషి ఉండేది. పని లేనప్పుడు దీని మీద వేలు పెట్టుకుని కూర్చుంటా. అక్క కిటికీ కాడ కూర్చుని కుట్టింటాది, సూది గుచ్చుకుని అబ్బా అనింటాది అనుకుంటా. ఇదో, చివర్న చూడు. రెండు ముళ్లు."

చూశాను. రెండు ముళ్లు, ఒకదాని మీద ఒకటి, ఆవగింజంత.

మా ఇంట్లో ఏ కుట్టుకైనా ఒక్క ముడే. ఊరు దాటి పోయేవాళ్ల బట్టకు మాత్రం అమ్మ రెండు ముళ్లు వేసేది. ఒకటి పోయేదానికి, ఇంకొకటి తిరిగొచ్చేదానికి అనేది. నాన్న తిరుపతి పోయేటప్పటి చొక్కాకు వేసింది. పెళ్లయ్యాక నా లంగా జాకెట్లన్నిటికీ వేసింది.

"దీన్ని చూసిన దినం నేను అన్నం తినలేదక్కా, సంతోషంతో. అక్కకు తెలిసిపోయింది, రమ్మంటా ఉంది అనుకుంటి."

కానీ నేను హెమ్మింగ్ చెయ్యను. నాకు ఓపిక లేదు, కళ్లు లాగుతాయి. మిషను కుట్లు నావి. చేతికుట్లన్నీ అమ్మకే ఇస్తాను, కాలక్షేపంగా ఉంటుందని, నా పని తగ్గుతుందని. ఆ రెండోది ముఖ్యం.

అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నాగలక్ష్మి జాకెట్టు వచ్చిందంటే చాలు, అమ్మ మిగతావి పక్కన పెట్టి అదే ముందు అడిగేది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి లోపలి చేతికుట్లు తిప్పి తిప్పి చూసేది. "ఎంత సేపు మా, అది హెమ్మింగా, హరికథా?" అని నేను విసుక్కునేదాన్ని. పోయిన వారం మా ఆయన చొక్కాకు అమ్మ గుండీ కుట్టింది. దానికి ఒక్క ముడే.

తల్లీ కూతుళ్లు నెలల తరబడి ఒక పరాయి ఆడమనిషి జాకెట్టు మీద మాట్లాడుకుంటున్నారు. నేను మధ్యలో సంచీ మోసిన పోస్ట్‌మాన్‌ని. మూసిన కవరు అటూ ఇటూ అందించడం తప్ప నాకు దక్కింది లేదు.

గీత నా మొహం వైపే చూస్తోంది, వేలు ఇంకా ఆ కుట్టు మీదే ఉంచి.

నోరు మూసుకుంటే చాలు. ఆ కుట్టు నాదే అవుతుంది. ఇన్నాళ్లూ కిటికీ దగ్గర కూర్చుని చెల్లెలి కోసం ముళ్లు వేసిన అక్కను నేనే అవుతాను. రేపో ఎల్లుండో అమ్మను ఏ గుడికో పంపి గీతను పిలవచ్చు. ఉగ్గాని చేసి పెట్టొచ్చు. చెబితే, నా చేతిని కూడా అది వద్దనుకుని అత్తిబెలె వెళ్లిపోతే? మళ్లీ మెజెస్టిక్‌లో మొహాలు వెతకడమే.

ఎంత వెచ్చగా ఉందో ఆ అబద్ధం. చలికాలం పొద్దున దుప్పటిలా ఉంది.

"గీతా" అన్నాను. "హెమ్మింగ్ నేను చెయ్యను."

"అంటే?"

"నాకు ఓపిక యాడుంది. మిషను కుట్టు వరకే నాది. ఈ అంచు, ఈ ముళ్లు... ఇంట్లో చేతికుట్టు కుట్టేది ఒక్కరే."

అర్థం కావడానికి దానికి ఒక్క క్షణం పట్టింది. వేడి పెనం తగిలినట్టు వేలు తీసేసుకుంది. జాకెట్టు నా ఒళ్లోంచి జారి కింద గుడ్డముక్కల మీద పడింది. గీత దాన్ని తీయలేదు, చూడనూ లేదు. గోడకు ఆనుకుని, ఆ వేలిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని నిలబడింది.

"ఆయమ్మకు తెలుసా?" అంది. "నేనని తెలిసే వేసిందా?"

అంతలో నా సంచీలో ఫోన్ మోగింది. ఇంటినుంచి అమ్మ. నేను చిక్కపేటలో లైనింగు బేరమాడుతున్నానని అనుకుంటున్న అమ్మ. తీయకపోతే తీసేదాకా మోగిస్తుంది. తీశాను.

మా అమ్మకు ఫోన్ మీద నమ్మకం లేదు, గొంతు మీదే నమ్మకం. బనశంకరినుంచి నగర్తపేటకు ఫోన్ లేకపోయినా వినబడేలా అరుస్తుంది. చెవికి ఆనించుకున్నా గది అంతా వినబడింది.

"దొరికిందా?"

"లైనింగా మా? ఇంకా..."

"లైనింగు ఎవరికి కావల్లే!" అంది అమ్మ. ఆ అరుపు అక్కడ తెగింది. తర్వాత వచ్చిన గొంతు నేనెప్పుడూ విననిది. నాన్న పోయిన నాడు కూడా విననిది. "దానికి ఫోనియ్యి. మాట్లాడకపోయినా చెవి కాడ పెట్టు చాలు. నేనొక మాట వెనక్కి తీసుకోవల్ల."

నేను ఫోన్ దూరంగా చాచి పట్టుకున్నాను. అటు అమ్మ ఊపిరి వినబడుతోంది. ఇటు గీత ఊపిరి ఆగిపోయింది.

గోడ దగ్గరినుంచి దాని చెయ్యి కదిలింది. ఆ చెయ్యి నా వైపే వస్తోంది. వస్తున్నది ఫోన్ అందుకోవడానికో, కట్ చేసే ఎర్ర మీట నొక్కడానికో, దాన్ని పుట్టినప్పటినుంచి ఎరిగిన నాకు కూడా తెలియలేదు.